వందకు రెండు

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన మా నాయిన బమ్రోలిలో 20 ఏళ్లు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. పగార్ మీటర్ల లెక్కన. దిగిన ప్రతి బట్ట తాకా పొడవునూ జేబులోని చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేవాడు. పగార్ చీటీ పక్కన పెట్టి చూసి, "వందకు రెండు మీటర్లు తక్కువొస్తున్నయ్ బిడ్డా" అనేవాడు.

ఆ కార్ఖానా కంప్యూటర్ చూసేది నేనే. "మనిషి తప్పుతడేమో గానీ కంప్యూటర్ తప్పు జెయ్యదు నాయినా" అన్నాను. మళ్లీ అడగలేదు. రాయడం మాత్రం మానలేదు.

కంప్యూటర్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. పగార్ లెక్కల ప్యాకేజీకి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అప్‌గ్రేడ్ చేసేవాణ్ణి. 1993లో మొదలైన డెబియన్ నుంచి ఉబుంటుకు అబ్బిన మంచి గుణం ఒకటుంది. అక్కడి మనిషి దిద్దుకున్న సెట్టింగుల ఫైలును, ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ చెప్పకుండా చెరిపెయ్యదు. తాను పెట్టిన ఫైలు చెక్‌సమ్ గుర్తు పెట్టుకుంటుంది. ఎవరూ ముట్టుకోకపోతే కొత్త ఫైలు తనే పెట్టేస్తుంది. ఇక్కడ మనమూ దిద్ది, అక్కడ ప్యాకేజీ చేసినవాళ్లూ మారిస్తే మాత్రం ఆగి ఏది ఉంచాలో అడుగుతుంది. వై కొడితే కొత్తది వస్తుంది, పాతది పక్కన వేరే పేరుతో మిగులుతుంది. ఎన్ కొడితే ఉన్నదే ఉంటుంది. డి కొడితే రెండింటికీ తేడా చూపిస్తుంది. ఏ అక్షరమూ లేకుండా ఎంటర్ నొక్కితే ఎన్ అన్నట్టే. ఎవరి కష్టమూ పోకూడదని పెట్టిన ఏర్పాటు అది, నాకు ఇప్పటికీ గౌరవమే.

నడుస్తున్నదాన్ని కదిలించడమెందుకని ప్రతిసారీ ఎంటరే నొక్కాను.

మొన్న దీపావళి సెలవులకు సాంచలన్నీ ఆగాయి. షెడ్డులో చప్పుడు లేదు, నాకు తొందరా లేదు. అప్‌గ్రేడ్‌లో అదే ప్రశ్న మళ్లీ వస్తే మొదటిసారి డి నొక్కాను.

తేడా రెండే వరుసలు. మైనస్ గుర్తుతో కార్ఖానా ఫైలులోది: కోత శాతం 2. ప్లస్ గుర్తుతో ప్యాకేజీలో వచ్చింది: కోత శాతం 0.

ఎవరు దిద్దారో ఫైలులో లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను డీపీకేజీ అంతకు ముందు నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఆ రెండును ఉండనిమ్మన్నది నేనే.

నాయిన పోయి అప్పటికి 14 నెలలు. పుస్తకాలు 11, ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ రాత్రంతా కూర్చుని కూడాను. ఒక్కదానిలోనూ లెక్క తప్పు లేదు.