అయిదు నిమిషాలు తప్ప అన్నీ ఇస్తాం

చుండ్రుకి వాడే మందు షాంపూ సీసా మీద తెలుగుజాతి ఇంతవరకూ చదవని వాక్యం ఒకటుంది. నురగ వచ్చాక మూడు నుంచి అయిదు నిమిషాలు మాడుకి అలాగే ఉంచి కడగమని దాని భావం. మనం ఉంచం. నురగ కనుబొమ్మల దాకా రాకముందే మగ్గు ఎత్తి కుమ్మరించేస్తాం. మందు మాడుకి తగిలిందో లేదో కానీ బాత్‌రూము తూముకి మాత్రం పూర్తి కోర్సు అందుతుంది. మన ఊళ్లలో మురుగుకాలవలకి ఏ రోగమైనా ఉండొచ్చు, చుండ్రు మాత్రం లేదు.

ఆ పైన తీర్పు చెప్తాం: "ఇంత ఖరీదు పెట్టి కొన్నానండీ, దండగ."

అసలు నెత్తి మీద జరుగుతున్నదేమిటి? మలాసేజియా అనే ఫంగస్ పెద్దవాళ్లందరి మాడు మీదా కాపురం ఉంటుంది. 1874లో దాన్ని పొట్టులో చూసి వర్ణించిన ఫ్రెంచివాడు లూయీ చార్లెస్ మలాసే పేరే దానికి తర్వాత పెట్టారు. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలు అది సొంతంగా తయారు చేసుకోలేదు. మన చర్మం ఊరించే జిడ్డు తిని బతుకుతుంది, తినగా మిగిలినదాన్ని మనకే వదిలేస్తుంది. ఆ మిగిలిన దాంట్లో ఓలియిక్ ఆమ్లం కొందరి చర్మానికి పడదు. అప్పుడు దురద, ఎరుపు, చర్మకణాలు తొందరపడి గుంపులుగా ఊడటం. భుజాల మీద మనం చూసేది ఆ గుంపుల్నే.

రెండు శాతం కీటోకోనజోల్ ఉన్న షాంపూ ఈ ఫంగస్ తన కణాలకు పైపొర కట్టుకోనివ్వకుండా అడ్డుపడుతుంది. అడ్డుపడటానికి కాస్త వ్యవధి కావాలి. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గాక వారానికో పదిహేను రోజులకో ఒకసారి. ఇంతే వైద్యం. ఇందులో గొప్ప రహస్యం లేదు, అందుకే కాబోలు ఎవరికీ నచ్చదు.

నచ్చేది నూనె. పొట్టు కనిపించగానే "మాడు ఎండిపోయింది పాపం" అని ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడతారు. చుండ్రుకి మూలం ఎండటం కాదు, జిడ్డూ దాని మీద బతికే ప్రాణీ అని ఎవరైనా చెప్పబోతే ఆ మాట నూనెగిన్నె చప్పుడులో కలిసిపోతుంది. శనివారం రాత్రి గోరువెచ్చని నూనె పట్టించి, తెల్లవార్లూ ఉంచుతారు. ఆదివారం పది సెకన్ల మందు. సాయంత్రం జుట్టు పొడిబారిందని మళ్లీ నూనె. నూనెకి ఎనిమిది గంటలు కేటాయించగల జాతి మందుకి అయిదు నిమిషాలు ఇవ్వలేకపోవడం తీరిక లేక కాదు.

ఇక వంటింటి విభాగం. నిమ్మచెక్క ఒకరిది, పులిసిన పెరుగులో మెంతులు ఒకరివి, వేపాకు ముద్ద ఇంకొకరిది, కర్పూరం మరొకరిది. నెత్తికి తిరగమోత ఒక్కటే తక్కువ. గోకి గోకి పుండుపడ్డ మాడు మీద నిమ్మరసం మండుతుంటే "చూశావా, పని చేస్తోంది" అంటారు. "మా తాతగారు కుంకుడుకాయ తప్ప ఎరగరు, ఆయనకి చుండ్రే లేదు" అనేవారికి ఒక ప్రశ్న: తాతగారు జన్మంతా తెల్ల లాల్చీ, తెల్ల కండువా కదా, రాలితే మాత్రం ఎవరికి కనిపించింది?

ఆ మర్మం తెలిసినవి ప్రకటనల కంపెనీలు. అందుకే వాళ్ల కథానాయకుడు ఎప్పుడూ నల్లకోటులో ఉంటాడు. మే నెల విజయవాడలో నల్లకోటు వేసుకు తిరిగేవాడికి చుండ్రు కంటే ముందు చూపించుకోవలసిన జబ్బులున్నాయి. అయినా అతను భుజం దులుపుకుని "నూరు శాతం" అంటాడు. ఆ నూరు నెత్తిన చిన్న నక్షత్రం గుర్తు. నక్షత్రం కింద చీమకాళ్లంత అక్షరాలు: కంటికి కనపడే పొట్టు మేరకే, క్రమం తప్పకుండా వాడితేనే. అంటే, ఆపితే తిరిగొస్తుందని వాళ్లే ఒప్పుకున్నారు, మన కళ్లద్దాల నంబరు లెక్కగట్టి మరీ. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరుగుతుందని ఒప్పుకునే మనిషే షాంపూ మానేశాక పొట్టు వచ్చిందని వినియోగదారుల ఫోరానికి వెళ్తానంటాడు.

ఇది చాలదన్నట్టు అడ్డదారి ఒకటుంది.

"అన్నా, నెత్తి మస్తు దురద పెడుతుంది, ఏదన్న గట్టిది ఇయ్యరాదే."

మెడికల్ షాపు అన్న గట్టిదే ఇస్తాడు: క్లోబెటసాల్ లోషన్. స్టెరాయిడ్ కాబట్టి దురద ఠక్కున ఆగుతుంది. చర్మానికి పూసే ఇలాంటి స్టెరాయిడ్లు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. డాక్టరు కొన్నాళ్లకి రాసేదాన్ని మనం తలనూనెలా నెలల తరబడి రాస్తాం. చర్మం పలచబడుతుంది, ఆపగానే దురద తిరిగొస్తుంది. షాంపూకి "అంతా కెమికల్స్" అని మొహం తిప్పుకున్నది కూడా మనమే. (దళసరిగా వెండిపొలుసులు లేస్తున్నా, జుట్టు చోటు చోటున ఊడుతున్నా అది చుండ్రు కాకపోవచ్చు. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి, అన్న దగ్గరికి కాదు.)

నురగతో అయిదు నిమిషాలు ఏం చెయ్యమంటారని అడుగుతారు. పాత సినిమా పాట ఒకటి, చరణం ఎగ్గొట్టకుండా పాడితే ఇంచుమించు మూడున్నర నిమిషాలు. ఇంకో పాట పల్లవి కలుపుకుంటే సరిపోతుంది. బాత్‌రూములో గొంతెత్తడం కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు మనకి. ఇంట్లోవాళ్ల సంగతంటారా, చెవుల్లో పోసుకునే మందు రెండు శాతం బలంతో ఇంకా బజారులోకి రాలేదు.