మా కరివేపాకు ఎందుకు ఎదగట్లేదు?

"అగ్రికల్చర్ బీఎస్సీనా? దానికి చదువెందుకమ్మా, మన పాలేరు చెయ్యట్లేదూ?" అని ఇప్పటికీ అడిగే పెద్దనాన్న రెండుపూటలా తినేది సాంబమసూరి అన్నం. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204 అదే. ఆ సంగతి చెప్పాను. "అయితే నువ్వూ ఒకటి కనిపెట్టు" అని పెరుగు కలుపుకున్నారు.

పెద్దనాన్న నయం. అసలు బాధ పిన్నులూ అత్తయ్యలూ. మెడిసిన్ చేరినవాడి ముందు చెయ్యి చాపి నాడి చూడమనడానికి కనీసం మూడో ఏడాది దాకా ఆగుతారు. నాకు ఆ గడువు లేదు. మొదటి సెమిస్టరు సెలవులకి ఇంటికొచ్చిన సాయంత్రమే ఫోను: "ఏమే, మా కరివేపాకు ఎందుకు ఎదగట్లేదు?"

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎదుగుతున్న కరివేపాకు మొక్క ఒక్కటైనా ఉందో లేదో నాకు తెలీదు. ఎదిగేదాని గురించి ఎవరూ ఫోన్ చెయ్యరు కదా. వాట్సాప్‌లో ఫొటో వస్తుంది: పగిలిన ప్లాస్టిక్ బకెట్, అందులో ఒక పుల్ల, పుల్ల చివర నాలుగు రెబ్బలు. "పుల్లమజ్జిగ పోస్తున్నానే, బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నానే" అని కింద వాయిస్ మెసేజి. పోస్తున్నవాటి చిట్టా ఉంటుంది గానీ ఎండ ఎంతసేపు తగులుతుందో ఉండదు. చలికాలంలో దాని ఎదుగుదల మందగిస్తుంది పిన్నీ అంటే, మరి పక్కింటావిడది పెరుగుతోందిగా అంటుంది. కొసలు తుంచు, పక్కకొమ్మలు వస్తాయి అంటే, ఉన్నదే నాలుగు రెబ్బలు, తుంచితే రేపు పులుసులోకి ఏం వెయ్యను అంటుంది. ఆకుల మీద పిట్ట రెట్టలాంటిది ఉందని ఇంకో అత్తయ్య. అది రెట్ట కాదు, నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు, నిమ్మా కరివేపాకూ ఒకే కుటుంబం కాబట్టి రెంటినీ తింటుంది, ఏరి పారెయ్యండి అని వివరంగా రాసి పంపాను. ఆవిడ దగ్గర్నుంచి దణ్ణం బొమ్మ వచ్చింది. మర్నాడు అదే రెట్ట, కొత్త ఫొటో, కొంచెం దగ్గర్నుంచి. ఇన్ని సలహాలకి ఒక్క రెబ్బ ఫీజుగా ఇచ్చినవాళ్లు లేరు. బజార్లో కూరగాయలతో ఊరికే వేసే సరుకు కదా, దాని డాక్టరుకీ అదే లెక్క.

కరివేపాకు అయ్యాక రెండో ప్రశ్న: "తర్వాత ప్లానేంటి?"

హాస్టల్లో అందరి ప్లానూ ఒకటే గోడకి అంటించి ఉంటుంది. వ్యవసాయాధికారి (ఏఓ) ఉద్యోగాల నోటిఫికేషన్, అది ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. ఐసీఏఆర్ జేఆర్‌ఎఫ్ కొట్టి ఎమ్మెస్సీ. పురుగుమందుల కంపెనీ, టార్గెట్లు, మోటర్‌సైకిలు. లేదంటే బ్యాంకులో ఏఎఫ్‌ఓ. రైతుకి అప్పిచ్చే ఆ ఉద్యోగానికి ప్రిలిమ్స్‌లో అడిగేది గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని. వరి మొహం చూడాలంటే మెయిన్స్ దాకా పోవాలి. అందుకే మా సీనియర్లు విత్తనోత్పత్తి పుస్తకం తలకింద పెట్టుకుని రీజనింగ్ పుస్తకం చదువుతారు.

ఈ జాబితాలో వ్యవసాయం లేదు. నవ్వులాటకి కూడా ఎవరూ ఆ పేరు ఎత్తరు. నా సీటు రైతు కోటాలో వచ్చింది. నాన్న పాసుపుస్తకం జిరాక్సులు తీయించి, భూమి ఉందని రుజువు చూపించి మరీ తెచ్చుకున్న సీటు. ఆ భూమిలోకి నేను దిగకుండా ఉండాలనే ఆ కాగితాలన్నీ పెట్టారని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తెలిసినా నాన్నని తప్పుపట్టలేను. ఆయన లెక్కల పుస్తకం నేనూ చూశాను, కౌలు, కూలీలు, వడ్డీ తీసేశాక మిగిలే వరుస దగ్గర ఆయన ఏమీ రాయరు.

మొన్న నాట్ల ముందు ఫోన్ చేశాను. ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, గాలీ వెలుతురూ ఆడి సుడిదోమ తగ్గుతుంది, యూరియా కూడా కాస్త తగ్గించండి అన్నాను. పరీక్షలో రాస్తే ఫుల్ మార్కులు పడే జవాబు.

నాన్న అంతా విన్నారు. "సరేగానీ, ఆ బ్యాంకు పరీక్షకి అప్లికేషన్ పెట్టావా? పొలం సంగతి నీకెందుకమ్మా" అన్నారు.