ఒంటెకు దొరకని వీసా కరెంటుకు దొరికింది

2017 జూన్ 5న సౌదీకి ఖతార్ మీద కోపమొచ్చింది. విమానాలు బంద్, ఓడలు బంద్, ఖతార్‌కున్న ఒకే ఒక్క రోడ్డు దారి సల్వా గేటుకు తాళం. సౌదీ గడ్డమీద మేస్తున్న ఖతార్ ఒంటెల్ని, గొర్రెల్ని కూడా వేల సంఖ్యలో అవతలికి తోలేశారు. పాపం, అవి ఏ పార్టీయో అడిగినవాడు లేడు.

అదే సల్వాలో ఒక సబ్‌స్టేషన్ ఉంది. గల్ఫ్ దేశాలను కలిపే 400 కేవీ లైను అక్కణ్నుంచే ఖతార్‌కు చీలుతుంది. దాని స్విచ్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ప్రేమ కాదు లెండి, ఏసీ. ఎండలు మండే ఆగస్టులో ఒక ప్లాంటు ట్రిప్పయితే పక్క దేశాల రిజర్వు క్షణాల్లో ఆదుకోవాలి. రాయబారిని వెనక్కి పంపొచ్చు గానీ, ఏసీ ఆపుకుని ఏ షేకు కూర్చుంటాడు?

నిజానికి వీళ్ల జాతకాలే కలవవు. సౌదీ కరెంటు 60 హెర్ట్జ్, మిగతావాళ్లది 50. నేరుగా కలపడం కుదరదు. అందుకని సౌదీలోని అల్ ఫాదిలిలో 1800 మెగావాట్ల స్టేషన్ కట్టి, ఏసీ కరెంటును డీసీ చేసి, మళ్లీ ఏసీగా మార్చి పంపుతున్నారు. 2009 నుంచీ ఇదే కాపురం.

మనకు రెండువైపులా 50 హెర్ట్జే, రెండువైపులా తెలుగే. అయినా సరిగ్గా అదే 2017 జూన్‌లో, బాకీల గొడవతో, పదో తేదీ దాటాక తెలంగాణ డిస్కంలకు ఏపీజెన్‌కో కరెంటు ఆగిపోయింది. మీరివ్వాలంటే మీరివ్వాలన్నారు. తీగలు తెగలేదంటే అవి దక్షిణ గ్రిడ్‌లో ఉండబట్టి. మనవాళ్ల చేతిలో ఉంటే అవీ దక్కేవి కావు. 2022లో కేంద్రం లెక్క తేల్చింది: అసలు 3,441 కోట్లు, దాదాపు అంతే లేటు సర్‌చార్జీ, మొత్తం 6,756 కోట్లు తెలంగాణ కట్టాలని. మరుసటి ఏడాది తెలంగాణ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఈలోగా, 2021 జనవరిలోనే, సౌదీ యువరాజు ఖతార్ అమీర్‌ను అల్ ఉలా విమానాశ్రయంలో కౌగిలించుకున్నాడు. ఒంటెల దారీ తెరుచుకుంది.

ఇకనైనా రెండు రాష్ట్రాల ఇంధన శాఖ పెద్దల్ని ఒకే విమానంలో, పక్కపక్క సీట్లలో దమ్మాం పంపండి. అక్కణ్నుంచి సల్వా రోడ్డుమీదే. టికెట్ల ఖర్చు సర్దుబాటు చార్జీల్లో వేసేయండి. ఎలాగూ కట్టేది మనమే.