ఒక షట్పద పంక్తికి టీకా తాత్పర్యములు

అవతారిక. మూలమున లేనిమాట వ్రాయనని ప్రతిన పూనిన కోలాచల మల్లినాథసూరికి నమస్కరించి, లినక్సు యంత్రములందు ఏ డిస్కు ఎచ్చట కూర్చుండవలయునో తెలుపు ‘/ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ అను ఫైలులోని ఒకే ఒక పంక్తికి వ్యాఖ్య వ్రాయ బూనుచున్నాను. ఆ లోకమున మూలవాదులనియు, బొత్తామువాదులనియు రెండు తెగలవారు చిరకాలముగా కలహించుచున్నారు. యంత్రమునకు చెప్పవలసిన దెల్ల స్వహస్తముతో ఫైళ్లలో వ్రాయవలయు ననువారు మూలవాదులు. 1993లో ప్యాట్రిక్ వోల్కర్డింగు వెలువరించిన స్లాక్‌వేరు, 2002లో పుట్టిన ఆర్చ్ వీరి పీఠములు. మౌసుతో నొక్కుచు పోయిన చాలు ననువారికి ఉబుంటు క్షేత్రము. అది 2004లో పుట్టి, 2006 నుండి బొమ్మల తెరమీదనే స్థాపన యంతయు ముగించుకొను వీలు కల్పించినది. 2021లో ఆర్చ్ వారును ‘ఆర్చ్‌ఇన్‌స్టాల్’ అను సహాయకమును తమ స్థాపనా ప్రతిలో చేర్చుటతో, మా పీఠమున కొంత గొణుగుడు పుట్టినమాట నిజము.

గుంటూరు మిర్చి యార్డు చేరువ కమీషను దుకాణము నడపు మా మేనల్లుడు, రైతుల కిచ్చు పట్టీల లెక్కలకై ఉబుంటు పెట్టుకొనిన కంప్యూటరునకు రెండవ డిస్కు తగిలించి, ‘డిస్క్స్’ అను తెరమీది పనిముట్టుతో నాలుగు నొక్కులలో పని ముగించుకొనెను. తెలుగు పండితోద్యోగమునుండి విరమించి ఆర్చ్ దీక్ష పుచ్చుకొనియున్న నేను, ఆ పనిముట్టు ఎఫ్‌ఎస్‌ట్యాబున వ్రాసిన దీర్ఘమైన పంక్తిని చూచి, ఇంత వాచాలత్వ మేల యని తుడిచివేసి, దాని స్థానమున దీనిని నిలిపితిని.

మూలము.
/డెవ్/ఎస్‌డీబీ1   /పట్టీలు   ఈఎక్స్‌టీ4   డిఫాల్ట్స్   0   2

టీక. షట్పద మనగా ఇచట తుమ్మెద కాదు, ఆఱు పదములు గలదని యర్థము. పదమునకును పదమునకును నడిమి ఖాళీయే యతిస్థానము. అది తప్పిన యంత్రము క్షమింపదు.

‘/డెవ్/ఎస్‌డీబీ1’ అనగా రెండవ డిస్కులోని మొదటి భాగము. ఈ గీట్లను చూచి పరదేశీయులు బెదరుదురు గాని, బ్రాడీపేట 4/14 అనిన నాల్గవ లైను, పదునాల్గవ అడ్డరోడ్డు అని గుంటూరి రిక్షావాడు సైతము ఎఱుంగును. కావున ఈ విద్యకు మనము జన్మతః అధికారులము. అయినను బ్రాడీపేట లైన్లు చోటు మారవు, డిస్కుల వరుస మారును. ‘బి’ అనునది నామము కాదు, యంత్రము మేల్కొన్న వేళ ఆ డిస్కు కనబడిన వరుస మాత్రమే. మఱియొక డిస్కు ముందుగా పలికెనా, నేటి ‘బి’ రేపటి ‘సి’ యగును. ఈ సంగతి నెఱిగియే పనిముట్టు, 32 షోడశాంశ సంఖ్యలతో ఆ భాగమందలి అమరికకే చెందిన యూయూఐడీ యను గుర్తును వ్రాసెను. నేను దానిని వాచాలత్వ మంటిని.

‘/పట్టీలు’ డిస్కు వచ్చి కూర్చుండు గది. ‘ఈఎక్స్‌టీ4’ అందలి అమరిక జాతి. ఐదవది యగు సున్న, డంప్ అను పురాతనమైన ప్రతిలిపి సాధనమునకు ఉద్దేశింపబడినది, నేడు వాడువారు అరుదు. తు, హి, చ, వై లవలె పాదపూరణార్థము. ఆఱవది పరీక్షాక్రమము: మూలస్థానమునకు 1, తక్కినవానికి 2, పరీక్షయే వలదన్న 0.

ఇక నాల్గవ పదము. ‘డిఫాల్ట్స్’ అనగా వాడుక ప్రకారము కానిమ్మనుట. పనిముట్టు ఇచ్చట ‘నోఫెయిల్’ అను పదమును గూడ చేర్చియుండెను. డిస్కు లేకున్నను యంత్రము ఆగక లేవవలయునని దాని భావము. నేను తొలగించిన పదములలో ఇదియు నొకటి.

సెలవునాడు మేనల్లుడు డిస్కు ఊడదీసి పర్చూరు పట్టుకొనిపోయి, అక్కడనే మఱచి వచ్చెను. మఱునాటి యుదయమున టిక్కీలు దిగుచు, ఎండుమిర్చి ఘాటునకు గుమాస్తా మొదలు కాటావాని వఱకు తుమ్ముచున్న వేళ, యంత్రము 90 సెకన్లు లేని డిస్కునకై ఎదురుచూచి, పిదప నల్లని తెరమీద తెల్లని యక్షరములతో అత్యవసరస్థితి ప్రకటించెను.

“మామయ్యా, పెట్టె లేవట్లేదు. రైతులు పట్టీల కోసం కూర్చున్నారు.”

“నువ్వేమన్నా దిద్దావట్రా?”

“నేనెందుకు దిద్దుతాను? మీరే దిద్దారుగా.”

తాత్పర్యము. దోషము మూలవాది కృతము. చికిత్సకు మూలమే శరణ్యమాయెను. ఆ నల్లని తెరమీద మౌసు లేదు, బొత్తాము లేదు. పర్చూరినుండి డిస్కు రానిదే దాని యూయూఐడీ తెలియదు గనుక, నానో అను దిద్దుబాటు సాధనముతో ‘డిఫాల్ట్స్’ ప్రక్క కామా పెట్టి, నేను తొలగించిన ‘నోఫెయిల్’ను నేనే మరల చేర్చితిని. పాఠాంతర మనుకొని కొట్టివేసినది శుద్ధపాఠ మని తేలినప్పుడు పరిష్కర్త ముఖ మెట్లుండునో ఆ దుకాణములో అందఱును చూచిరి.

విశేషములు. వ్యాఖ్య లన్నియు ఒక తీరువి కావు. యంత్రము మేల్కొను క్రమమును తెలుపు ‘గ్రబ్.సీఎఫ్‌జీ’ అను ఫైలు తన తలపైననే దీనిని దిద్దకు మని ఆంగ్లమున హెచ్చరించును. అది మూలము వేషము వేసికొనిన వ్యాఖ్య, అసలు మూలము ‘/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’. తెలియక పై ఫైలును దిద్దినవాని శ్రమ తదుపరి నవీకరణమున తుడిచిపెట్టుకొని పోవును. ఇట్టి చోట్లనే మూలవాదులకు కోపము వచ్చుట. ఆ కోపము న్యాయమని నా పక్షపాతము. ఉబుంటు స్థాపకము మాత్రము ఎఫ్‌ఎస్‌ట్యాబున తన పంక్తికి పైన, స్థాపనవేళ ఇది ఫలానా డిస్కుపై నుండెనని చిన్న టీక వ్రాసిపెట్టుట నేను చూచితిని. మానవ వ్యాఖ్యాతలలో ఎందఱి కా మర్యాద కలదు? మఱియు, స్వేచ్ఛ యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంస్థవారు లినక్సు బొత్తాములకు తెలుగు మాటలు తొడిగినను, ‘డిఫాల్ట్స్’ మాత్రము ‘డిఫాల్ట్స్’గానే యుండును, అనువాదము తెరవఱకే.

డిస్కు పర్చూరినుండి తిరిగివచ్చిన నాడు మేనల్లుడు యూయూఐడీని తానే వ్రాసికొని, పంక్తికి పైన, యంత్రము చదువకుండ విడుచు హ్యాష్ గుర్తు పెట్టి, తెలుగున ఒక వాక్యము చేర్చెను: “నోఫెయిల్ అవసరమే. మామయ్య చెప్పినా తీయవద్దు.”