‘చక్రసంజీవని’ అను టీకాతాత్పర్యము

మూలము: “ఈ వారాంతం రెండు చక్రాలపై గతంలోకి ప్రయాణం! నగర కాలుష్యానికి దూరంగా, ఎవరికీ తెలియని పల్లెల మీదుగా, నర్సాపూర్ అడవి దాటి మెదక్ చర్చి వరకు. అసలైన భారతాన్ని కనుగొందాం! హెల్మెట్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ ₹1,499.”

అవతారిక: సైకిలు బృందనాయకుడు వాట్సాపు ముఖమున సభ్యులను ఉత్సాహపరచుచున్నాడు.

టీక: ‘ఈ వారాంతం’ ఇత్యాదులు సుగమములు. ‘రెండు చక్రాలపై’ అనుచోట అతివ్యాప్తి శంక. వెనుక చక్రమునకు ఇరువైపుల పాల క్యాన్లు తగిలించుకొని కౌడిపల్లి దారిన పోవువానివియు రెండు చక్రములే గదా, అతడును సైక్లిస్టగునా? కాడు. మెత్త కుట్టిన పొట్టి నిక్కరు లేనందున వ్యావృత్తి. ‘కాలుష్యానికి దూరంగా’: గండిమైసమ్మ చౌరస్తా దాక సైకిళ్ళు కార్ల నెత్తిన వచ్చును గనుక, కాలుష్యము వెనుకవారికి అని అన్వయము.

‘ఎవరికీ తెలియని పల్లెల’: ఇచట నిలువవలెను. మెదక్‌కు ఇవతలనే కొల్చారమున్నది. కోలాచల మల్లినాథసూరి ఇంటిపేరు ఈ ఊరిదే. కాళిదాసుని మూడు కావ్యములకు సంజీవని, భారవికి ఘంటాపథము, మాఘునికి సర్వంకష, శ్రీహర్షునికి జీవాతువు వ్రాసినవాడు. చెడు వ్యాఖ్యల విషము తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛిల్లెనని, దానిని లేపుటకే సంజీవని అని తానే చెప్పుకొనెను. భారవి పలుకును కొబ్బరికాయతో పోల్చి, పెంకు పగులగొట్టి రసికుల చేత పెట్టెదనన్నాడు. అయినను మా పక్షపాతము సర్వంకష మీదనే. మాఘుడు పాండిత్యముతో బెదిరించుచుండగా ఈయన తొణకక అన్వయము కుదిర్చి, సమాసము విప్పి, కోశము చూపి, అలంకారము పేరు చెప్పి తరువాతి శ్లోకమునకు పోవును. ఒక్క మాట అదనము లేదు. అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన మనిషి. మాకా ప్రతిజ్ఞ లేదు.

కాశీలోనైనా కంచిలోనైనా రఘువంశం విప్పిన ప్రతి విద్యార్థీ ఈయన వేలు పట్టుకునే నడిచాడు. ఆ ఊరు ఎవరికీ తెలియదట! మల్లినాథుణ్ణి పక్కన పెట్టండి. అక్కడ పుట్టి, బడికి పోయి, పొలం చేసుకుంటున్నవాళ్ళు ‘ఎవరు’లో లెక్కకు రారా?

ప్రకృతము. ‘అసలైన భారతాన్ని’: ఎడ్లబండి కనబడిన ఆగి ఫోటో, ట్రాక్టరు కనబడిన ఆగకుండుట. ‘మెదక్ చర్చి’: 1914లో మొదలై 1924లో ముగిసినది. పదేండ్ల కట్టడమునకు పది నిమిషములు కేటాయింపు, అందులో గ్రూపు ఫోటో అంతర్భూతము.

‘హెల్మెట్ తప్పనిసరి’: మూలమున నిర్దుష్టమైన వాక్యమిదొక్కటే. బృందము వెనుక లైట్లు మిణుకుమనిపించుచు వ్యాను వచ్చును. పాలాయన వెనక లారీ వస్తుంది. హారన్ విని ఆయన తారు అంచు నుంచి కంకరలోకి దిగితే క్యాన్లు ఒక పక్కకు ఒరుగుతాయి, మూతల సందుల్లోంచి పాలు కారతాయి. రోడ్డుకు కాస్త అంచు వేయమని ఏ బృందమూ అర్జీ పెట్టినట్టు మేము వినలేదు.

తాత్పర్యము: డబ్బు కట్టుడు.