యాభై నాలుగు దేశాలు, ఒకటే స్క్రోలింగు

భూగోళ శాస్త్రానికి మన న్యూస్ చానెళ్లు చేసిన సేవకు ఇంతవరకు ఒక్క పద్మశ్రీ అయినా రాకపోవడం అన్యాయం. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయని బళ్లో పిల్లలు ఇంకా బట్టీ పడుతున్నారు. చానెల్ డెస్కులో ఉన్నది ఒక్కటే. నైజీరియా.

టోలిచౌకీలో ఓ ఆఫ్రికా కుర్రాడు డ్రగ్స్ కేసులో పోలీసు జీపెక్కితే చాలు, వాళ్లు పాస్‌పోర్టు తెరిచేలోపే కింద స్క్రోలింగు మొదలవుతుంది: ‘నైజీరియన్ అరెస్ట్’. మొహం చుట్టూ ఎర్ర గుండ్రం, వెనక గుండెలదిరే మ్యూజిక్. కుర్రాడిది కాంగో అని సాయంత్రానికి తేలినా సవరించడానికి చోటుండదు, అప్పటికి బంగారం ధర నడుస్తుంటుంది. అదే కేసులో దొరికిన మనవాడి మొహం మాత్రం మసగ్గా ఉంటుంది. పాపం, మంచి కుటుంబం, దారి తప్పాడు. అమ్మినవాడికి దేశం, కొన్నవాడికి కుటుంబం.

ఉస్మానియాలో చదువుకునే ఆఫ్రికా విద్యార్థి మీద బ్రేకింగ్ న్యూస్ వచ్చిందా? నేనైతే చూళ్లేదు. చదువుకుంటే ఎర్ర గుండ్రం ఎక్కడ గీస్తారు?

ఈ పాఠం విన్నవాళ్లు పరీక్ష కూడా బాగానే రాశారు. 2016లో బెంగళూరులో సూడాన్ యువకుడి కారు గుద్ది ఒకావిడ చనిపోయింది. కాసేపటికి అటుగా వచ్చిన టాంజానియా అమ్మాయిని పట్టుకుని గుంపు కొట్టింది. ఆ రెండు దేశాలకూ సరిహద్దు కూడా కలవదు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఓ కుర్రాడు చనిపోతే, నైజీరియా విద్యార్థులు మనుషుల్ని తింటారని పుకారు లేచింది. ఆధారాల్లేవని పోలీసులు వదిలేశారు. జనం వదల్లేదు, మాల్‌లో కుర్చీలెత్తి కొట్టారు.

అంతకు నెల ముందు, ఫిబ్రవరి 22న, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజినీరును ఒకడు బార్‌లో కాల్చి చంపాడు. ఇరాన్ వాడనుకున్నాడట! ఇరాన్ ఎక్కడ, ఇండియా ఎక్కడ, ఆ మాత్రం తేడా తెలియదా అని టీవీ ముందు కూర్చుని నేనూ రంకెలేశాను.

ఆ వారమే మా పిన్ని డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, “నల్లవాళ్లుండే వైపు తిరక్కు నాన్నా” అని మరీ మరీ చెప్పింది.

“కాల్చింది తెల్లవాడు పిన్నీ,” అన్నాను.

“అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదరా,” అంది.