నూటికి తొంభై ఆరు

మా ఆవిడ మిక్సీ కొన్న పద్ధతి ముందు చెబుతాను. ఎదురింటి గుమ్మంలో నిలబడి రెండే ప్రశ్నలు అడిగింది. "కొని ఎన్నాళ్ళయింది వదినా? గారెల పిండి రుబ్బితే వేడెక్కుతోందా?" మూడేళ్ళయిందనీ, వేడెక్కదనీ ఎదురింటావిడ చెప్పింది. సాయంత్రానికి అలాంటి మిక్సీయే మా ఇంట్లో ఉంది.

ఇక నేను ఒక వీడియో గేమ్ డిస్కు కొన్న పద్ధతి. మూడు వారాలు సమీక్షలు చదివాను. బ్యాంకులో లంచ్ టైములో చదివాను, బస్సులో చదివాను, బాత్‌రూమ్‌లో చదువుతుంటే ట్యాంకు ఖాళీ అయ్యిందని తలుపు బాదారు. నాకు నలభై ఏడేళ్ళు. ప్రమోషన్ పరీక్షకు ఇందులో సగం చదివినా ఈపాటికి మేనేజర్నయ్యేవాణ్ణి.

ఆట పేరు ఎల్డెన్ రింగ్. 2022 ఫిబ్రవరిలో వచ్చింది. మెటాక్రిటిక్ అని ఒకటుంది. పత్రికలూ వెబ్‌సైట్లూ ఇచ్చిన మార్కులన్నీ పోగేసి, ఎవరి మాటకెంత బరువో తనే లెక్కగట్టి, సగటు తీసి నూటికి ఇన్ని అని తేలుస్తుంది. 75 నుంచీ ఆకుపచ్చ గడి, దానికి కింద పసుపు, 50 లోపు పడితే ఎరుపు. ఈ ఆటకు సోనీ వాళ్ళ పీఎస్5 ఆటపెట్టె మీద 96 వచ్చింది. లెక్కల్లో జన్మకి 61 దాటని నాకు ఆ అంకె చూడగానే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. మనమసలే మార్కులు చూసి పిల్లనిచ్చేవాళ్ళం. సినిమాకి ఐదుకి 2.75 వేస్తే "యావరేజే" అంటాం, 3.25 వేస్తే "పండక్కి వెళ్ళొచ్చు" అంటాం. ఆ అర మార్కులో దర్శకుడి జీవితం ఉంటుంది.

అలాగని మార్కుల్ని గుడ్డిగా నమ్మేవాణ్ణి కాదు. ఆ సంగతి ఒకరాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకు గంటసేపు వివరించాను కూడా. సైబర్‌పంక్ 2077 అనే ఆట కథ చెప్పాను. 2020 డిసెంబర్ 10న విడుదల. అంతకుముందు సమీక్షకులకు ఇచ్చింది కంప్యూటర్ మీద ఆడే కాపీలే. ఆడుతూ సొంతంగా తీసుకున్న వీడియో చూపించకూడదని షరతు కూడా పెట్టారు. మార్కులు తొంభై దాటాయి. తీరా పాత పీఎస్4లో వేసుకున్నవాళ్ళకి ఆట నత్తనడక నడిచి, మధ్యమధ్యలో మూర్ఛపోయింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్లోంచే తీసేసి, అడిగినవాళ్ళకి డబ్బు వెనక్కిచ్చింది. మళ్ళీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. తర్వాత ఆటల సమీక్షకుడు జెఫ్ గెర్స్ట్‌మన్ దగ్గరికొచ్చాను. 2007లో గేమ్‌స్పాట్ అనే సైటులో ఒక ఆటకు పదికి 6 వేశాడు. అదే ఆట ప్రకటన అదే సైటు నిండా ఉంది. కొద్దిరోజుల్లో ఉద్యోగం పోయింది. మార్కుల వల్లే పోయిందని 2012లో అతనే నోరు విప్పాడు.

"ఇన్ని తిరకాసులున్నాయని తెలిసీ మళ్ళీ ఆ మార్కులే ఎందుకు చూస్తారండీ?" అంది మా ఆవిడ.

"అన్ని వైపుల నుంచీ చూస్తున్నాను."

"పప్పు వేసుకోండి, చల్లారిపోతోంది."

ఇప్పుడు మీ దగ్గర దాపరికమెందుకు? ట్రైలర్ చూసిన రోజే కొనేద్దామని తీర్మానం అయిపోయింది. తర్వాత మూడు వారాలూ చేసింది సంతకాల సేకరణ. పొగిడినవాడు నిపుణుడు. "కొంచెం కష్టమైన ఆట, ఓపిక ఉన్నవాళ్ళకే" అన్నవాడికి ఆడటం చేతకాదు. మార్కు దగ్గర ఆగి, పేరాలు దాటేసి, కింద మళ్ళీ మార్కు చూసి సంతృప్తిపడేవాణ్ణి.

మా బావమరిది హైదరాబాదులో కంప్యూటర్ మీద ఆడతాడు. "స్టీమ్‌లో కొనుక్కో బావా" అన్నాడు. అది కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ కొట్టు. అక్కడ కొన్నవాళ్ళే అభిప్రాయం రాస్తారు, బొటనవేలు పైకో కిందకో చూపిస్తారు, పక్కనే ఎన్ని గంటలు ఆడారో పడుతుంది. "కొని ఎన్నాళ్ళయింది వదినా" అన్నట్టన్నమాట. నచ్చకపోతే కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకుండా అడిగితే డబ్బు తిరిగొస్తుంది. మంచి పద్ధతే. కానీ మా ఇంటి కంప్యూటర్ పిల్లాడి ప్రాజెక్టు ప్రింటుకే రొప్పుతుంది. అందుకని నాలుగు వేల దాకా పోసి డిస్కే తెచ్చాను.

అయినా ఆ రెండు గంటల సదుపాయం నాకేం పనికొచ్చేది? మొదటి గంటన్నర నా హీరోకి మీసం దిద్దడంలోనే గడిచింది. ముక్కు ఎత్తు, దవడ వెడల్పు, అన్నీ మార్చుకోవచ్చు. పెళ్ళినాటి నా మీసం పెట్టి, పక్కనుంచి కూడా చూసి మురిసిపోయాను. అంతా అయ్యాక తలకి శిరస్త్రాణం తొడిగితే మొహం మొత్తం మూసుకుపోయింది.

గుహలోంచి తలుపు తోసుకుని బయటికొస్తే ఎదురుగా పచ్చిక, దూరంగా బంగారు రంగులో ఆకాశమంత చెట్టు. నాలుగడుగులు వేశానో లేదో, నిలువెల్లా బంగారు కవచంతో గుర్రం మీద ఒకడు. ఒక్క వేటు. తెర మీద ఎర్రక్షరాలు: యూ డైడ్. మళ్ళీ లేచాను, మళ్ళీ పోయాను. వాడి గుర్రం డెక్క కింద ఒకసారి, పొడుగాటి గొడ్డలి కింద ఒకసారి, పారిపోతూ ఒకసారి. మూడు రాత్రులు ఇదే. కంట్రోలర్ చెమటకి జారుతోంది. మా వాడు వెనక నిలబడి "నాన్నా, ముప్పై ఏడు" అని లెక్క అప్పజెప్పి పడుకోవడానికి వెళ్ళిపోయేవాడు.

మూడో రాత్రి అమ్మ సీరియల్ అయ్యాక కూడా లేవలేదు. కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూసింది.

"ఆ గుర్రం వాడు నిన్నేమన్నాడ్రా?"

"వాణ్ణి చంపాలమ్మా."

"ఎవరు చెప్పారు?"

ఆలోచిస్తే ఎవరూ చెప్పలేదు.

"పక్కనుంచి పోరాదూ? అంత మైదానముంది. వాడు గుర్రం మీదున్నాడు, నువ్వు నేలమీదున్నావు. నీకూ ఓ గుర్రం దొరికాక చూసుకో."

పొదల చాటున చుట్టు తిరిగి వెళ్ళాను. వాడు నావైపు కన్నెత్తి చూడలేదు. ఇంకొంచెం దూరం పోయాక ఆటే నాకో గుర్రాన్నిచ్చింది.

ఆ రాత్రి మంచం మీద ఫోన్ తీసి, దాటేసిన సమీక్షలన్నీ మొదటి వాక్యం నుంచి చదివాను. ఆ బంగారు రౌతుతో మొదట్లోనే తలపడక్కర్లేదని, తప్పుకుని పొమ్మనే వాణ్ణక్కడ నిలబెట్టారని ఒకరి తర్వాత ఒకరు రాసే ఉన్నారు. ఈ ఆట పెద్దదని, ప్రధాన కథకే యాభై అరవై గంటలు కావాలని కూడా రాశారు. ఇకమీద నాకు ఆదివారం మధ్యాహ్నం గంట దొరికితే గొప్ప. ఈ లెక్కన ముగింపు చూసేసరికి మా వాడు ఇంటర్లో ఉంటాడు.

అమ్మ ఇప్పుడు రోజూ అడుగుతోంది, "వాడున్నాడా ఇంకా?" అని. ఉన్నాడు. నాకు గుర్రమొచ్చినా వాడి జోలికి ఇంకా వెళ్ళలేదు.

మిక్సీ మాత్రం వేడెక్కట్లేదు.